ఇంటర్నేషనల్ స్కూల్ కమిటీలో తల్లిదండ్రుల రెండు కుర్చీలు

హన్మకొండ, కాజీపేట, వరంగల్ మూడూ కలిపి తిరిగితే స్కూలు బోర్డుల మీద ‘ఇంటర్నేషనల్’ అన్న మాట ఎన్నిచోట్ల కనిపిస్తుందో లెక్క దొరకదు. ఆ మాటను బట్టి బడి ఏ బోర్డుదో తెలియదు. లోపల సీబీఎస్ఈ ఉండొచ్చు, స్టేట్ సిలబస్ ఉండొచ్చు, కేంబ్రిడ్జ్, ఐబీ (ఇంటర్నేషనల్ బాకలోరియేట్) లాంటి విదేశీ బోర్డులు ఉండొచ్చు. తల్లిదండ్రుల మాటకు ఎంత బలం ఉంటుందన్నది తేలేది బోర్డును బట్టి, దాని కింద బడిని నడిపే సొసైటీనో ట్రస్టునో బట్టి. అడ్మిషన్ కౌంటర్ దగ్గర స్విమ్మింగ్ పూల్ గురించి అడిగేవాళ్లు చాలామంది. ‘మీ మేనేజ్‌మెంట్ కమిటీలో పేరెంట్లు ఎవరు?’ అని అడిగేవాళ్లు తక్కువ. నన్నడిగితే మొదటి ప్రశ్న అదే కావాలి.

ముందు ఒక పొరపాటు సరిచేసుకోవాలి. ఫీజు గొడవ వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు విద్యాహక్కు చట్టం తీస్తారు. 2009 నాటి ఆ చట్టంలో సెక్షన్ 21 ప్రకారం స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, నిజమే. కానీ ఆ సెక్షన్ సర్కారు బడులకు, సర్కారు ఎయిడ్ (గ్రాంటు) తీసుకునే ఎయిడెడ్ బడులకు వర్తిస్తుంది. ఎయిడ్ తీసుకోని ప్రైవేటు బడిని ఆ సెక్షన్ నుంచి చట్టమే మినహాయించింది. తెలంగాణ సర్కారు బడుల్లో 2024లో వచ్చిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు కూడా ప్రైవేటు బడికి రావు. సెక్షన్ 21 పట్టుకుని కరస్పాండెంట్ రూములోకి వెళ్తే ఒక్క నిమిషంలో బయటికి రావాల్సి వస్తుంది. పైగా ‘వీళ్లకు రూల్స్ తెలియవు’ అన్న ముద్ర ఏడాదంతా ఉంటుంది. అదే చట్టంలో సెక్షన్ 13 మాత్రం ప్రైవేటు బడికీ వర్తిస్తుంది: క్యాపిటేషన్ ఫీజు (ప్రకటించిన ఫీజు కాకుండా తీసుకునే డొనేషన్) వసూలు చేయకూడదు, చేర్చుకునేటప్పుడు పిల్లలకు గానీ తల్లిదండ్రులకు గానీ వడపోత పరీక్ష పెట్టకూడదు.

సీబీఎస్ఈ అనుబంధం ఉన్న బడికి అసలు ఆధారం ఆ బోర్డు అఫిలియేషన్ బైలాస్, అంటే అనుబంధ నిబంధనలు. వాటి ప్రకారం కమిటీలో 21 మందికి మించకూడదు. అందులో ఇద్దరు ఆ బడి పిల్లల తల్లిదండ్రులు, ఇద్దరు ఆ బడి టీచర్లు. ప్రిన్సిపాల్ సభ్య కార్యదర్శి. సభ్యుల గడువు మూడేళ్లు, విద్యా సంవత్సరంలో కనీసం రెండుసార్లు కమిటీ కూర్చోవాలి. 21లో ఇద్దరంటే ఓటుతో గెలిచే సంఖ్య కాదు. అయినా ఆ కుర్చీలు చాలా విలువైనవి, ఎందుకంటే కమిటీ అధికారాల్లో రెండు విషయాలు స్పష్టంగా ఉన్నాయి: ట్యూషన్ ఫీజు, ఇతర వార్షిక ఫీజులు ఎంత ఉండాలో సొసైటీకి ప్రతిపాదించడం, ప్రిన్సిపాల్ తెచ్చిన బడ్జెట్‌ను పరిశీలించి సొసైటీ ఆమోదానికి పంపడం. అంటే ఫీజు కాగితం సొసైటీ దాకా పోవాలంటే ఆ ఇద్దరు కూర్చున్న బల్ల మీదుగా పోవాలి.

ఐబీ, కేంబ్రిడ్జ్ బడుల్లో ఇట్లా సంఖ్యలు రాసిపెట్టి ఉండవు. జెనీవా కేంద్రంగా 1968లో మొదలైన ఐబీ బడికి తన ప్రోగ్రామ్ నడుపుకోవడానికి అనుమతి ఇస్తుంది, సుమారు ఐదేళ్లకోసారి మదింపు చేస్తుంది, అంతేగానీ బడిని తాను నడపదు. ఆ మదింపులో తల్లిదండ్రుల అభిప్రాయం కూడా తీసుకుంటారు కాబట్టి ఆ ఏడు ఎప్పుడొస్తుందో ముందే కనుక్కోవాలి. మిగతా కాలమంతా సొసైటీ బైలాసే దిక్కు. జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో దరఖాస్తు పెట్టి, రుసుము కట్టి వాటి నకలు తీసుకోవచ్చు.

సీబీఎస్ఈ బడి అయితే వెబ్‌సైటులో ‘మాండేటరీ పబ్లిక్ డిస్‌క్లోజర్’ అన్న పేజీ తప్పకుండా ఉండాలి. అఫిలియేషన్ లెటర్, సొసైటీ రిజిస్ట్రేషన్, ప్రభుత్వ ఎన్ఓసీ, గుర్తింపు పత్రం, భవన భద్రత, ఫైర్ సర్టిఫికెట్, నీళ్లు–పారిశుద్ధ్యం సర్టిఫికెట్, ఫీజుల పట్టిక, ఎస్‌ఎంసీ (స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ) జాబితా, పీటీఏ (పేరెంట్–టీచర్ సంఘం) జాబితా, మూడేళ్ల బోర్డు ఫలితాలు అన్నీ అక్కడ పెట్టాలి. పేజీ తెరిచి, ప్రతి లింకూ నొక్కి చూడండి. ఫైర్ సర్టిఫికెట్ గడువు దాటిపోయి ఉండటం, ఎస్‌ఎంసీ జాబితాలో ఎప్పుడో టీసీ తీసుకుపోయిన పిల్లల తండ్రి పేరు ఇంకా ఉండటం, రెండూ సాధారణంగా దొరికే లోపాలే. ఆ పాత పేరు దొరికితే కుర్చీ ఖాళీగా ఉన్నట్టే. అది నింపమని ప్రిన్సిపాల్‌కు ఉత్తరం రాయడానికి ఇంతకన్నా మంచి సందర్భం ఉండదు.

కమిటీలోకి ఆ ఇద్దరు పేరెంట్లూ ఎట్లా వస్తారు? చాలాచోట్ల ప్రిన్సిపాల్ ఫోన్ చేసి పిలిచినవాళ్లే వస్తారు: తెలిసిన డాక్టరు, తెలిసిన వకీలు. వాళ్లు మంచివాళ్లే కావచ్చు, కానీ మిగతా పేరెంట్లకు వాళ్లెవరో తెలియదు. పనికొచ్చే పద్ధతి ఏమంటే, జూన్ 12న బడి తెరిచాక జులై లోపల సెక్షనుకు ఒక ప్రతినిధిని పేరెంట్లే చేతులెత్తి ఎన్నుకోవాలి, ఆ ప్రతినిధులంతా కూర్చుని ఇద్దరి పేర్లు రాతపూర్వకంగా మేనేజ్‌మెంట్‌కు ఇవ్వాలి. ఒకరు ప్రైమరీ వైపు నుంచి, ఒకరు హైస్కూలు వైపు నుంచి, ఇద్దరిలో ఒక్కరైనా తల్లి. పదో తరగతి పిల్లల తండ్రిని పెట్టొద్దు, వచ్చే మార్చి కల్లా పరీక్షలైపోయి ఆ కుర్చీ ఖాళీ అవుతుంది. 4 నుంచి 7వ తరగతి పిల్లల తల్లిదండ్రులైతే మూడేళ్లూ ఉంటారు. బడికి యూనిఫాం కుట్టించేవాళ్లు, బస్సులు లీజుకిచ్చేవాళ్లు, బిల్డింగు పని పట్టినవాళ్లు ఎంత చురుకైనా సరే, ఆ కుర్చీలో ఉండకూడదు. బిల్లు రావాల్సిన మనిషి బడ్జెట్ మీద ప్రశ్న అడగలేడు.

ప్రతినిధి తన పిల్లవాడి మార్కుల గురించి, సెక్షను మార్పు గురించి ఆ బల్ల దగ్గర మాట్లాడితే ఆ రోజే విలువ పోతుంది. ఆ సంగతులకు క్లాస్ టీచరు, కోఆర్డినేటరు ఉన్నారు. అట్లాగే ఫీజు కోపం పీటీఎం (పేరెంట్–టీచర్ మీటింగ్) రోజు క్లాస్ టీచరు మీద చూపించడం అన్యాయం. ఫీజు మీద ఆమెకు ఏ అధికారమూ లేదు. అందరి ముందూ అవమానపడ్డ టీచరు ఆ తర్వాత పేరెంట్‌తో మనసు విప్పి మాట్లాడదు, నష్టం పిల్లలకే.

మీటింగ్ సంగతికొస్తే, అసలు పట్టంతా కాగితంలోనే ఉంది. కనీసం ఏడు రోజుల ముందు ఎజెండా రావాలని మొదటి మీటింగులోనే తీర్మానం చేయించండి. ఎజెండాలో ‘అధ్యక్షుల అనుమతితో ఇతర అంశాలు’ అన్న చివరి వరుస కింద ఫీజు పెంపు తెస్తే, కాగితాలు చదవడానికి సమయం కావాలని వాయిదా అడగండి, ఆ అడిగిన మాట మినిట్స్‌లో (మీటింగ్ వివరాల రికార్డులో) రాయించండి. మినిట్స్‌లో ‘చర్చించి ఆమోదించడమైనది’ అన్న ఒక్క వాక్యం చాలదు. ఏ తరగతికి ఎంత, ఏ కారణంతో, ఎవరు అభ్యంతరం చెప్పారు అన్నది ఉండాలి. అన్నిటికన్నా ఎక్కువగా జరిగే తప్పు ఇంకోటి ఉంది. మీటింగ్ జరగదు, అటెండరు రిజిస్టరు పట్టుకుని పేరెంట్ సభ్యుడి దుకాణానికి వస్తాడు: ‘సార్, సంతకం పెట్టమన్నరు.’ మొహమాటానికి పెట్టిన ఆ సంతకంతో ఆ ఏడు ఫీజు పెంపుకు పేరెంట్ల ఒప్పుదల దొరికినట్టే. పెట్టకండి. తప్పనిసరై పెట్టాల్సి వస్తే ‘ఈ సమావేశానికి నేను హాజరు కాలేదు’ అని రాసి, తేదీ వేసి పెట్టండి.

ఫీజు గురించి ఏప్రిల్‌లో సర్క్యులర్ వచ్చాక అడిగితే ఆలస్యమైపోయినట్టే, అడ్మిషన్లు ఆ రేటుకే మొదలై ఉంటాయి. అడగాల్సింది నవంబరులో. సొసైటీ ఆడిట్ రిపోర్టు మామూలుగా సెప్టెంబరు ఆఖరుకు సిద్ధమవుతుంది. దసరా సెలవులు అయ్యాక పెట్టే మీటింగులో ఆ రిపోర్టు, వచ్చే ఏటి బడ్జెట్ ముసాయిదా పక్కపక్కన పెట్టి చూడాలి.

ఏం చూడాలి? 1994 జనవరి 1 నాటి జీవో ఎంఎస్ నంబర్ 1 ప్రైవేటు బడుల ఫీజు రాబడి ఎట్లా ఖర్చు కావాలో చెప్పింది: యాజమాన్యానికి 5 శాతం, నిర్వహణకు 15, బడి అభివృద్ధికి 15, సిబ్బంది జీతాలకు 50, పీఎఫ్, గ్రాట్యుటీ లాంటి సిబ్బంది ప్రయోజనాలకు 15. ఇది చేతిలో ఉంటే లెక్క సులువు. ఉదాహరణకు 600 మంది పిల్లలు, తలా రూ.80,000 అనుకుందాం. రాబడి రూ.4.80 కోట్లు. అందులో సగం, రూ.2.40 కోట్లు జీతాలు. నలభై మంది టీచర్లకు నెలకు సగటున రూ.25,000 అయితే ఏడాదికి రూ.1.20 కోట్లు, అంటే పావు వంతే. ఆయాలు, డ్రైవర్లు, ఆఫీసు సిబ్బందిని కలిపినా మిగతా పావు నిండుతుందా అన్నది అడగాల్సిన ప్రశ్న. ‘జీతాలు పెంచాం కాబట్టి ఫీజు పెంచుతున్నాం’ అన్న మాటకు ఈ లెక్కే పరీక్ష.

రెండో వరుస అద్దె. బడి భూమి సొసైటీ పేరున కాకుండా ఒక సభ్యుడి కుటుంబం పేరున ఉండి, సొసైటీ వాళ్లకు అద్దె కడుతుంటే, ఆ అద్దె ఏటా ఎంత పెరుగుతోందో, లీజు ఎన్నేళ్లకో చూడాలి. బడి డబ్బు బడి చదువుకు తప్ప వేరే వ్యక్తులకు, సంస్థలకు మళ్లకూడదని బోర్డు బైలాస్ కూడా చెబుతాయి. న్యాయమైన మిగులు తప్పు కాదు. 2002లో టీఎంఏ పాయ్ కేసులో సుప్రీంకోర్టు సహేతుకమైన మిగులు ఉండొచ్చు, లాభాపేక్ష ఉండకూడదని చెప్పింది. కొత్త ల్యాబుకు, జనరేటరుకు డబ్బు దాచుకునే బడిని దొంగలా చూడొద్దు. దాచింది ఏ ఖాతాలో ఉంది, ఎప్పుడు ఖర్చవుతుంది అని మర్యాదగా అడిగితే చాలు.

బస్సు విషయంలో పేరెంట్ల పని మే నెలలోనే మొదలవ్వాలి. తెలంగాణలో స్కూలు బస్సుల ఫిట్‌నెస్ సర్టిఫికెట్ మే 15తో ముగుస్తుంది, బడి తెరిచేలోగా రవాణా శాఖ దగ్గర కొత్తది చేయించుకోవాలి. సీబీఎస్ఈ మార్గదర్శకాలు బస్సు వేగానికి గంటకు 40 కిలోమీటర్ల హద్దు పెట్టాయి. పరకాల, నర్సంపేట, స్టేషన్ ఘన్‌పూర్ రూట్లలో ఆ హద్దు పాటిస్తే మొదటి స్టాపులో పిల్లలు ఎన్ని గంటలకు ఎక్కాలో లెక్కేయండి, రూటు మరీ పొడవైతే రెండు ముక్కలు చేయమనండి. టైము సరిపోకపోతే డ్రైవరు వేగం పెంచుతాడు. తప్పు అతనిది అన్నట్టు కనిపిస్తుంది గానీ రూటు గీసినవాళ్లది.

భాష గురించి ఒక మాట. ఎజెండా ఇంగ్లిషులో వస్తుంది, మీటింగ్ ఇంగ్లిషులో నడుస్తుంది. ఎనుమాముల మార్కెట్‌లో కోట్ల లావాదేవీ చూసే మనిషి అక్కడ నోరు విప్పడు. తండ్రి గల్ఫ్‌లో ఉంటే నానమ్మో తాతయ్యో వస్తారు, వాళ్లకూ అంతే. ఎజెండా, తీర్మానాలు తెలుగులో కూడా ఇవ్వాలని పట్టుబట్టడం ఇంగ్లిషు బాగా వచ్చిన పేరెంట్ల బాధ్యత అని నేను గట్టిగా నమ్ముతాను. మేడారం జాతర వారంలో, బతుకమ్మ రోజుల్లో మీటింగ్ పెడితే తేదీ మార్చమనండి, సగం కుర్చీలు ఖాళీగా ఉంటాయి.

వాట్సాప్ గ్రూపు సమాచారానికి బాగుంటుంది, నిర్ణయాలకు పనికిరాదు. రాత్రి పదకొండుకు వచ్చిన కోపం పొద్దునకల్లా స్క్రీన్‌షాట్‌గా ప్రిన్సిపాల్ ఫోన్‌లో ఉంటుంది.

పిల్లల మీద లైంగిక వేధింపు అనుమానం వస్తే మాత్రం అది కమిటీ చర్చించే విషయం కాదు. 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోవడం నేరం. ‘బడి పరువు, పిల్ల భవిష్యత్తు’ అంటూ కమిటీ రూములో పంచాయితీ పెట్టడానికి ఏ పేరెంట్ సభ్యుడూ ఒప్పుకోకూడదు. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి గానీ పోలీసులకు గానీ ఆ రోజే ఫోన్ చేయాలి.

మిగతా ఫిర్యాదులకు వరుస ఇది: ముందు ప్రిన్సిపాల్, జవాబు రాకపోతే కమిటీ అధ్యక్షులు, ఆ తర్వాత డీఈఓ (జిల్లా విద్యాధికారి), సీబీఎస్ఈ బడి అయితే బోర్డు. ఉత్తరం ఒక పేజీ దాటొద్దు, ఒక ఉత్తరంలో ఒకే విషయం ఉండాలి. రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, తేదీ, తీసుకున్నవారి సంతకం వేయించుకోండి. ముద్ర వేయనంటే అక్కడే నిలబడి వాదించకుండా హెడ్ పోస్టాఫీసుకు వెళ్లి స్పీడ్ పోస్టులో పంపి, రసీదు ఆ కాపీకే పిన్ చేసి దాచుకోండి.