టెర్మినల్‌లో నడిచే స్క్రిప్టు క్రాన్‌లో ఎందుకు ఆగిపోతుంది

చేత్తో నడిపితే చక్కగా పనిచేసే షెల్ స్క్రిప్టు, చెప్పిన వేళకు పనుల్ని తనే నడిపే క్రాన్‌లో మొండికేస్తే, వెంటనే కోడ్ మార్చకండి. క్రాన్‌కి ఏం కనిపిస్తోందో ముందు చూడాలి. క్రాన్‌ట్యాబ్‌లో (క్రాన్ చేయాల్సిన పనుల జాబితా) ఐదు నక్షత్రాలు (ప్రతి నిమిషం అని అర్థం) పెట్టి, ఎన్విరాన్‌మెంట్ వేరియబుళ్ళు చూపే ఎన్వ్ కమాండ్ అవుట్‌పుట్‌ను ఒక ఫైల్లోకి పంపండి. నిమిషం ఆగి, టెర్మినల్‌లో వచ్చే ఎన్వ్‌తో డిఫ్ చేసి తేడాలు చూడండి. చాలా జబ్బులు అక్కడే దొరికిపోతాయి.

డెబియన్, ఉబుంటుల్లో క్రాన్ ఇచ్చే పాత్ (కమాండ్లను వెతికే డైరెక్టరీల జాబితా) సాధారణంగా /యూఎస్ఆర్/బిన్, /బిన్ మాత్రమే. /యూఎస్ఆర్/లోకల్/బిన్‌లో పెట్టిన టూల్ గానీ, నోడ్ వెర్షన్లు చూసుకునే ఎన్‌వీఎమ్ తెచ్చిన నోడ్ గానీ దొరకవు. బ్యాష్ షెల్ సెట్టింగులుండే బ్యాష్‌ఆర్‌సీ ఫైల్ని సోర్స్ చేస్తే సరిపోతుందనుకుంటారు. ఉబుంటు ఇచ్చే ఆ ఫైలు, షెల్ ఇంటరాక్టివ్ కాకపోతే మొదటి లైన్లలోనే వెనుదిరుగుతుంది. కాబట్టి స్క్రిప్టు తలమీదే పాత్ పూర్తిగా రాయండి. పని మొదలయ్యేది హోమ్ డైరెక్టరీలో కనుక ఫైళ్ళకూ పూర్తి దారి ఇవ్వండి.

క్రాన్‌ట్యాబ్ లైన్‌ని నడిపే షెల్ /బిన్/ఎస్‌హెచ్ కూడా బ్యాష్ కాదు, ఉబుంటులో 6.10 నుంచీ అది డ్యాష్ అనే వేరే షెల్. జోడు చదరపు బ్రాకెట్లు, అరేలు అందులో చెల్లవు. ఇక క్రాన్‌ట్యాబ్ లైన్లో % వస్తే కమాండ్ అక్కడితో తెగి, మిగతాది స్టాండర్డ్ ఇన్‌పుట్‌గా పోతుంది. తేదీతో ఫైలు పేరు కట్టే బ్యాకప్‌లు ఇక్కడే దెబ్బతింటాయి. ముందు బ్యాక్‌స్లాష్ పెట్టండి. స్క్రిప్టు లోపలైతే అవసరం లేదు.

ఎర్రర్ కనబడకపోవడం అన్నిటికన్నా చెడ్డది. మెయిల్ సర్వర్ లేని మెషీన్‌లో డెబియన్ క్రాన్ అవుట్‌పుట్‌ను పారేస్తుంది. లైన్ చివర >> తో లాగ్ ఫైలు, ఆ తర్వాతే ఎర్రర్లనూ అదే చోటికి పంపే 2>&1 రాయాలి. వరస తిరగేస్తే ఎర్రర్లు లాగ్‌లోకి చేరవు.

బెంగళూరులో కూర్చుని యూటీసీ (మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే సమయం) సర్వర్లు చూసుకునే మనవాళ్ళు తప్పక గమనించాల్సింది ఇంకోటుంది. సోమవారం పొద్దున 5 గంటలకు రిపోర్టు కావాలంటే సర్వర్‌కి అది ఆదివారం రాత్రి 23:30. అంటే 30 23 * * 0 (మొదట నిమిషం, తర్వాత గంట, చివరిది వారం; 0 ఆదివారం). గంటలు సరిచేసి వారాన్ని 1గా (సోమవారం) వదిలేస్తే రిపోర్టు మంగళవారం వస్తుంది, లోపల డేట్ కమాండ్ ఇచ్చే తేదీ కూడా ఒకరోజు వెనకే ఉంటుంది. రెడ్‌హ్యాట్‌లోని క్రాన్ అయిన క్రోనీకి, ఏ టైమ్‌జోన్ వేళకు నడపాలో చెప్పే క్రాన్_టీజెడ్ తెలుసు. డెబియన్ క్రాన్‌కి తెలియదు. అక్కడ టైమ్‌జోన్ వేరియబుల్ టీజెడ్ రాసినా కమాండ్‌కే వర్తిస్తుంది, అది నడిచే వేళ మారదు. మెషీన్ టైమ్‌జోనే మార్చితే క్రాన్ సర్వీసును రీస్టార్ట్ చేయండి.