క్రిప్టో: లాభం 20 వేలు, పన్ను 31 వేలు

బిట్‌కాయిన్‌కు అసలు విలువ ఉందా లేదా అన్న వాదన ఎంతకీ తెగదు. మన దేశంలో కొనేవాళ్ళు ముందు చూసుకోవాల్సింది పన్ను లెక్క.

ఒకే ఏడాది బిట్‌కాయిన్‌లో లక్ష లాభం, ఈథర్ అనే మరో క్రిప్టోలో 80 వేలు నష్టం వచ్చాయనుకోండి. మిగిలింది 20 వేలు. ఒకదాని నష్టాన్ని ఇంకోదాని లాభంలోంచి తీసేయనివ్వరు కాబట్టి, పన్ను మాత్రం పూర్తి లక్ష మీద 30 శాతం, దానిపై 4 శాతం సెస్సు, వెరసి 31,200. అంటే 11,200 ఎదురు కట్టాలి! నష్టాన్ని వచ్చే ఏడాదికి చూపించుకునే వీలూ లేదు. షేర్లకున్న వెసులుబాటు దీనికి లేకపోవడం ముమ్మాటికీ అన్యాయం.

2022 జులై నుంచి ఒక శాతం టీడీఎస్ (అమ్మినప్పుడే ముందుగా కోసుకునే పన్ను) కూడా ఉంది. అది లాభం మీద కాదు, అమ్మిన మొత్తం మీద. లక్షతో మొదలుపెట్టి లాభనష్టాల్లేకుండా పదిసార్లు కొని అమ్మినా, దాదాపు తొమ్మిదిన్నర వేలు రీఫండ్ వచ్చేదాకా ఇరుక్కుపోతాయి. బిట్‌కాయిన్ ఇచ్చి ఈథర్ తీసుకున్నా అమ్మకం కిందే లెక్క. చాలామంది ఇక్కడే దొరికిపోతారు, రూపాయి చేతికి రాలేదు కదా అనుకుని.

రిటర్న్‌కు ఐటీఆర్-1 ఫారం పనికిరాదు. ఐటీఆర్-2 లేదా 3లో వీడీఏ (వర్చువల్ డిజిటల్ ఆస్తుల) షెడ్యూల్ నింపాలి: కొన్న తేదీ, అమ్మిన తేదీ, రెండు ధరలు. ముందు ఫారం 26ఏఎస్‌తో (మీ పేరిట జమైన పన్ను వివరాల పత్రం) టీడీఎస్ సరిచూసుకోండి.

క్రిప్టో లావాదేవీలకు సేవలందించొద్దని 2018లో ఆర్బీఐ బ్యాంకులకు పెట్టిన ఆంక్షను 2020 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2023 మార్చిలో క్రిప్టో కొని అమ్మే వేదికలైన ఎక్స్ఛేంజీలు మనీలాండరింగ్ (నల్లధనాన్ని తెల్లగా మార్చడం) నిరోధక చట్టం కిందికి వచ్చాయి. ఎక్స్ఛేంజీ హ్యాక్ అయితే మదుపరి డబ్బుకు పూచీ ఎవరిదో తేల్చే ప్రత్యేక చట్టం మాత్రం లేదు. పన్ను కట్టించుకుంటున్న ప్రభుత్వం ముందు తేవాల్సింది అదే.