పొద్దు పొడవకముందే వాకిట్లో తుపాకీ

కడప, అనంతపురం, కర్నూలు పల్లెల్లో కార్డన్ సెర్చ్ అంటే ఏంటో ఎవరికీ వేరే చెప్పక్కర్లేదు. తెల్లవారుజామున కోడి కూసే వేళకు ఊరికొచ్చే దారులన్నీ మూసేస్తారు. స్టేషన్ ఎస్సై, సీఐ, వాళ్లకు తోడు జిల్లా ఏఆర్ (సాయుధ రిజర్వు) నుంచో ఏపీఎస్పీ (రాష్ట్ర ప్రత్యేక పోలీసు) పటాలం నుంచో వచ్చిన సాయుధ సిబ్బంది. కర్నూలులో 2వ పటాలం, కడపలో 11వది, అనంతపురంలో 14వది ఉన్నాయి కాబట్టి మనుషులకు కొదవ లేదు. బయటి వరస ఎవరినీ ఊరు దాటనియ్యదు. లోపలి జట్లు సందు సందుకూ పోయి తలుపులు తడతాయి. ఆధార్ చూపించు, బండి కాగితాలు తీయి, బీరువా తెరువు. మర్నాడు పేపర్లో వార్త: సరైన పత్రాలు లేని ద్విచక్ర వాహనాలు ఇన్ని స్వాధీనం.

నా అభ్యంతరమంతా ఆ వార్తతోనే. ఆర్‌సీ ఉందో లేదో చూడ్డానికి ఎస్ఎల్ఆర్ లాంటి పొడవాటి సైనిక తుపాకీ అక్కర్లేదు.

సాయుధ జట్టు అసలే వద్దని నేననను. ఫ్యాక్షన్ చూసిన ఊళ్లలో అలా అనడం బాధ్యత లేని మాట. వామిదొడ్లో నాటు బాంబులు దాచారని గట్టి సమాచారం ఉంటే, తుపాకీ ఉన్న మనిషి ఫలానా ఇంట్లో దాక్కున్నాడని తెలిస్తే, లాఠీ పట్టుకున్న ఇద్దరు కానిస్టేబుళ్లను పంపడం వాళ్లను బలివ్వడమే. అప్పుడు చుట్టూ వలయం కావాలి, బాంబు నిర్వీర్య దళం కావాలి, జాగిలం కావాలి. నాటు బాంబు కింద పడ్డా, గట్టిగా ఒత్తుకున్నా పేలుతుంది. గడ్డిలో చెయ్యి పెట్టి వెతకడం, దొరికినదాన్ని చేత్తో పట్టుకుని ఫొటోకు చూపించడం ప్రాణం మీదికి తెచ్చుకునే పనులు. ముందు చుట్టుపక్కల ఇళ్లు ఖాళీ చేయించాలి, తర్వాతే వామి దగ్గరికి పోవాలి. ఇది ఒక ఇంటి పని, ఒక దొడ్డి పని. ఊరంతటి పని కాదు.

తుపాకీ సంగతి కాస్త దగ్గరగా చూడండి. ఎస్ఎల్ఆర్ పొడవు మూడున్నర అడుగుల పైనే, బరువు నాలుగు కిలోలు దాటుతుంది, మ్యాగజైన్‌లో 20 తూటాలు. 7.62 మిల్లీమీటర్ల తూటా అది, మైదానంలో వందల గజాల దూరం కోసం తయారైంది. మన పాత మిద్దె వాకిలి ఎత్తు తక్కువ, తల వంచి లోపలికి పోవాలి. అలా వంగినప్పుడు మనిషి కంటే ముందు గొట్టమే లోపలికి పోతుంది. లోపల నులకమంచం మీద ఎవరున్నారో కనబడే లోపే గొట్టం వాళ్ల ముఖం ముందు ఉంటుంది. పొరపాటున తూటా పేలితే పలుచటి ఇటుక గోడ దాన్ని ఆపలేదు. కడప బండకు తగిలితే ఎటు మళ్లుతుందో ఎవరూ చెప్పలేరు.

ఎండాకాలమైతే ఊళ్లో సగం మంది మిద్దెల మీదే పడుకుని ఉంటారు. కింద బూట్ల చప్పుడు విని ఒకడు దిగ్గున లేస్తాడు, దిండు కింద ఫోన్ కోసం చెయ్యి పెడతాడు. ఊరు ఎరిగిన బీట్ కానిస్టేబుల్‌కు అది మేలుకున్న మనిషి. పటాలం నుంచి ఆ రాత్రే వచ్చిన కుర్రాడికి అదే పారిపోబోతున్న మనిషి, ఆయుధం అందుకుంటున్న మనిషి. చీకట్లో టార్చి పట్టుకుని మోటరు వేయడానికి పోయే రైతు కూడా అంతే. ఆ కుర్రాడిలో చెడ్డతనం ఏమీ లేదు. ఆ ఊరి గురించి అతనికెవరూ చెప్పలేదు, అంతే. అందుకే ప్రతి జట్టులో ఆ ఊరు తెలిసిన కానిస్టేబుల్ ఒకరు ముందు నడవాలి. పొడవు తుపాకులు బయటి వరసలోనే ఉండిపోవాలి. లోపలికి పోయేవాళ్ల ఆయుధం ఛాంబర్ ఖాళీగా ఉండాలి. మహిళా కానిస్టేబుల్ లేకుండా ఏ ఇంటి గడపా దాటకూడదు.

చట్టం ఈ విషయంలో మూగదేమీ కాదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో (పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన చట్టంలో) 185వ సెక్షన్ చూడండి. వారెంట్ లేకుండా దర్యాప్తు అధికారి ఇల్లు సోదా చేయాలంటే ఏ వస్తువు కోసం, ఎందుకు ఆగలేకపోతున్నాడో ముందే రాసుకోవాలి. ఆ రాత నకలు 48 గంటల్లోపు మేజిస్ట్రేట్‌కు చేరాలి. 103వ సెక్షన్ ప్రకారం ఆ ప్రాంతానికి చెందిన ఇద్దరు స్వతంత్ర సాక్షులుండాలి, ఇంటివాళ్లను సోదా చూడనివ్వాలి, పట్టుకెళ్లిన వస్తువుల జాబితా నకలు వాళ్ల చేతికివ్వాలి. 105వ సెక్షన్ ప్రకారం అంతా వీడియో తీయాలి. రెండు వందల ఇళ్లకు కలిపి ఒకే కారణం, 'అసాంఘిక శక్తుల కోసం' అని రాస్తే అది 185 అడిగిన కారణం కాదు. కారణం రాయకుండా కాగితాలు తనిఖీ చేసి పట్టుకెళ్లే వీలిచ్చిందని, స్టాంపుల చట్టానికి మన ఉమ్మడి రాష్ట్రం చేసిన సవరణనే 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది. కెనరా బ్యాంక్ కేసు అది. గోప్యత చోటుది కాదు, మనిషిది అని అందులో చెప్పింది.

బండ్ల విషయం కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 207వ సెక్షన్ కింద బండిని ఆపి ఉంచడానికి ఉన్న కారణాలు కొన్నే: లైసెన్సు లేకపోవడం, వయసు చాలకపోవడం, రిజిస్ట్రేషన్ లేకపోవడం, పర్మిట్ లోపం. ఇన్సూరెన్స్ అందులో లేదు, దానికి జరిమానా వేరే ఉంది. పైగా ఆ సెక్షన్ మాట్లాడేది అలా నడిపిన, నడుపుతున్న బండి గురించి. వాకిట్లో స్టాండు వేసి ఉన్న బండిని ట్రాక్టర్‌కెక్కించే ముందు ఏ సెక్షన్ కింద, రసీదు ఎక్కడ అని అడగండి. డిజిలాకర్‌లో ఆర్‌సీ చూపిస్తే చెల్లుతుంది.

ఈ గొడవ మనదొక్కటే కాదు. అమెరికాలో లాస్ ఏంజెలెస్ పోలీసులు 1960లలో స్వాట్ అనే ప్రత్యేక సాయుధ జట్టు పెట్టినప్పుడు దాని పని బందీలను విడిపించడం, మాటువేసి కాల్చేవాణ్ని పట్టుకోవడం లాంటివి. మేరీలాండ్‌లో 2008లో గంజాయి కేసులో స్వాట్ పోలీసులు ఒక చిన్న ఊరి మేయరు ఇంటి తలుపు బద్దలుకొట్టి ఆయన రెండు కుక్కల్ని కాల్చేశారు. ఆయనకు ఆ కేసుతో సంబంధమే లేదని తర్వాత తేలింది. మరుసటి ఏడాది ఆ రాష్ట్రం ఒక చట్టం చేసింది: ప్రతి పోలీసు శాఖా స్వాట్ జట్టును ఎన్నిసార్లు, ఎందుకు పంపిందో ఆరు నెలలకోసారి చెప్పాలి. 2014లో ఆ చట్టం గడువు ముగిసింది. లెక్క బయటికొచ్చాక చూస్తే పదింట తొమ్మిదిసార్లు దాకా మామూలు సోదా వారెంట్ల కోసమే పంపారు. 2018లో జొనాథన్ ముమ్మోలో అనే పరిశోధకుడు అమెరికా అంతటి లెక్కలు పరిశీలించి, ఈ జట్లవల్ల నేరాలు తగ్గినట్టుగానీ పోలీసులకు భద్రత పెరిగినట్టుగానీ కనబడలేదని తేల్చాడు.

మన ఊళ్లలో పికెట్ వేసినప్పుడు ఆ నలుగురు కానిస్టేబుళ్లే నెలల తరబడి ఉంటారు. ఎవరింటి పిల్లాడు ఎవరో, ఎవరి దొడ్డి ఎవరిదో వాళ్లకు తెలిసిపోతుంది. రచ్చకట్ట మీద కూర్చున్న ముసలాయనే వాళ్లకు సమాచారం చెబుతాడు. అదే ఊరి మీద ఒక తెల్లవారుజామున వంద మంది వచ్చి పడితే, ఆ ముసలాయన నోరు మూతపడుతుంది.

కాబట్టి నేను కోరేది పెద్దదేమీ కాదు. సోదా అయ్యాక, వ్యాన్లు కదలకముందే అదే రచ్చకట్ట దగ్గర ఎస్సై ఒక కాగితం చదవాలి: ఎన్ని ఇళ్లు, ఏ కారణంతో, ఎవరు సాక్షులు, ఏం దొరికింది. ఏమీ దొరక్కపోతే ఏమీ దొరకలేదని కూడా.