క్లాడ్ కోడ్ టోకెన్ల ఆవర్జా: వెర్షన్ 0.4 దాకా వచ్చిన పని

ఆంత్రోపిక్ వారి కోడింగ్ ఏజెంట్ క్లాడ్ కోడ్ మన మెషీన్‌లో రాసిపెట్టే లాగ్ ఫైళ్లు చదివి, ఏ రోజు ఏ ప్రాజెక్టుకు ఎన్ని టోకెన్లు (మోడల్ చదివే, రాసే టెక్స్ట్ ముక్కలు; ఛార్జీ వీటి లెక్కనే) పోయాయో ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ పట్టికలో వేసే చిన్న టూల్ ఇది. పైథాన్‌తో వచ్చే లైబ్రరీలే సరిపోతాయి. ఇదే పనికి సీసీయూసేజ్ అనే రెడీమేడ్ టూల్ ఉంది. రోజువారీ అంకెలు చూసుకోవడమే అవసరమైతే దాన్ని వాడుకోవడమే తెలివైన పని. ఇది రాస్తున్నది ప్రతి అంకె ఎక్కణ్నుంచి పుట్టిందో వేలు పెట్టి చూపించడానికి.

0.1: చదవడం

హోమ్ డైరెక్టరీలో చుక్కతో మొదలయ్యే క్లాడ్ ఫోల్డర్, దాని లోపల ప్రాజెక్ట్స్ ఫోల్డర్. ప్రాజెక్టుకో ఉపఫోల్డర్, సెషన్‌కో జేసన్ లైన్స్ ఫైలు (లైనుకో రికార్డు). క్లాడ్ కోడ్ వెర్షన్లు కొన్ని ఇదే సరంజామాను కాన్ఫిగ్ ఫోల్డర్ కింద పెడతాయి కాబట్టి రెండు చోట్లా వెతకాలి. సబ్‌ఏజెంట్ల (ప్రధాన ఏజెంట్ పని అప్పగించే ఉప ఏజెంట్ల) ఫైళ్లు వెర్షన్‌ను బట్టి ఇంకా లోపలి ఫోల్డర్లలో ఉంటాయి. పై వరుస ఫైళ్లు మాత్రమే చదివితే వాటి ఖర్చు మొత్తం జారిపోతుంది.

మోడల్ జవాబు ఉన్న లైన్లలో నాలుగు అంకెలు కావాలి: ఇన్‌పుట్, క్యాష్ రైట్ (మళ్లీ వాడుకోవడానికి దాచిపెట్టినది), క్యాష్ రీడ్ (దాచినదాన్ని తిరిగి చదివినది), అవుట్‌పుట్. ఇక్కడ ఇన్‌పుట్ అంటే క్యాష్‌కు సంబంధం లేని మిగులు మాత్రమే, అందుకే అది చాలాసార్లు రెండంకెలు దాటదు. అది చూసి టూల్ తప్పనుకోవద్దు.

టెక్స్ట్ పొడవును బట్టి టోకెన్లు అంచనా కట్టే దారి మొదటే వదిలేశాం. నాలుగు అక్షరాలకో టోకెన్ అనే సూత్రం ఇంగ్లిష్‌కు ఏదోలా నడుస్తుంది. తెలుగులో ఒక్కో యూనికోడ్ గుర్తుకే యూటీఎఫ్-8లో మూడు బైట్లు పోతాయి, గుణింతాలు, వత్తులు విడి గుర్తులు. తెలుగు కామెంట్లున్న ప్రాజెక్టులో ఆ అంచనా అసలుకు చాలా కింద తేలుతుంది.

0.2: ఒకే రసీదు మూడుసార్లు పద్దు పడటం

అసలు పనంతా ఇక్కడే. మోడల్ ఒక్క జవాబులో ఆలోచన, మాట, టూల్ కాల్ (ఫైలు చదవడం వంటి పని అడగడం) మూడూ ఇస్తే లాగ్‌లో మూడు లైన్లు పడతాయి. మూడింటికీ మెసేజ్ ఐడీ ఒకటే, రిక్వెస్ట్ ఐడీ ఒకటే, యూసేజ్ అంకెలు మాత్రం ప్రతి లైన్లోనూ ఉంటాయి. పైగా కొన్ని వెర్షన్లలో మొదటి లైన్లలోని అవుట్‌పుట్ స్ట్రీమింగ్ మొదలైనప్పటి అంకె. పూర్తి అంకె చివరి లైన్లో వస్తుంది.

పరీక్షకు చేత్తో రాసిన ఒక కాల్: ఇన్‌పుట్ 12, క్యాష్ రైట్ 4,000, క్యాష్ రీడ్ 60,000, అవుట్‌పుట్ మూడు లైన్లలో వరుసగా 3, 3, 800. సానెట్ 4 మోడల్ 2025లో వచ్చినప్పటి ధరల్లో, అంటే పది లక్షల టోకెన్లకు ఇన్‌పుట్ 3 డాలర్లు, అవుట్‌పుట్ 15, ఐదు నిమిషాల క్యాష్ రైట్ 3.75, క్యాష్ రీడ్ 0.30 చొప్పున:

మూడు లైన్లూ కూడితే 11.1 సెంట్లు.
మొదటి లైను ఉంచి మిగతావి పారేస్తే 3.3 సెంట్లు.
చివరి లైను తీసుకుంటే 4.5 సెంట్లు. ఇదీ సరైనది.

కాబట్టి రెండు ఐడీలూ కలిపి ప్రైమరీ కీ (పట్టికలో ఒక్కసారే ఉండగల గుర్తు), మళ్లీ అదే కీ వస్తే అవుట్‌పుట్‌లో పెద్దది నిలబడాలి. ఈ ఏరివేత ఫైలు వరకే చేస్తే చాలదు. సెషన్‌ను ఫోర్క్ చేస్తే, అంటే మధ్యలో కొత్త కొమ్మగా విడదీస్తే, పాత సందేశాలు కొత్త ఫైల్లోకి కాపీ అవుతాయి, అందుకని కీ మొత్తం పట్టికకు ఒకటే.

0.3: ధర

లాగ్‌లో నమ్మాల్సింది టోకెన్లను; డాలర్లు మనం గుణించి తెచ్చుకునేవి. పై కాల్‌లోనే క్యాష్‌ను పట్టించుకోకుండా మొత్తం 64,012 టోకెన్లకూ ఇన్‌పుట్ ధర వేస్తే అవుట్‌పుట్‌తో కలిపి 20.4 సెంట్లు తేలుతుంది, నాలుగున్నర రెట్లు. అవతలి వైపు ఇంకో గొయ్యి ఉంది: గంటసేపు నిలిచే క్యాష్ రైట్‌కు ఇన్‌పుట్ ధరకు 2 రెట్లు, ఐదు నిమిషాల దానికి 1.25 రెట్లు. యూసేజ్‌లో ఈ రెండూ విడిగానే ఉంటాయి, మొత్తం అంకె చదివి ఊరుకోకూడదు.

మోడల్ పేరు స్థానంలో సింథటిక్ అని ఉన్న లైన్లు ఎర్రర్ సందేశాలు, టోకెన్లు సున్నా. వాటిని ధరల పట్టికలో వెతికితే ప్రోగ్రామ్ ఆగిపోతుంది. తెలియని మోడల్‌కు మాత్రం సున్నా ధర వేయకుండా గడి ఖాళీగా ఉంచుతున్నాం. సున్నా అంటే ఉచితమని చదువుతారు.

నెలవారీ చందాలో ఉన్నవాళ్లకు ఈ డాలర్లు బిల్లు కాదు. అదే వాడకం ఏపీఐ కీతో, అంటే వాడినంతకు డబ్బు కట్టే పద్ధతిలో, చేసి ఉంటే ఎంతయ్యేదో చెప్పే పోలిక, అంతే. నివేదిక పైన ఆ మాట పెద్దక్షరాల్లో పెట్టాం.

0.4: తేదీ, నిల్వ

టైమ్‌స్టాంపులు యూటీసీలో (మన కాలానికి ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక కాలంలో) ఉంటాయి. మన 15వ తేదీ తెల్లవారుజాము 4 గంటల పని లాగ్‌లో 14వ తేదీ రాత్రి 10:30. మార్చకుండా వదిలేస్తే ఉదయం 5:30 దాకా చేసిందంతా నిన్నటి ఖాతాలో పడుతుంది. నిల్వ యూటీసీలోనే, నివేదికలో మాత్రం ఐదున్నర గంటలు కలపడం.

క్లాడ్ కోడ్ మామూలుగా 30 రోజులు దాటిన సెషన్లు తుడిచేస్తుంది. సెట్టింగ్స్‌లో ఆ గడువు పెంచుకోవచ్చు. టూల్‌ను రోజుకోసారి క్రాన్‌లో (చెప్పిన వేళకు ప్రోగ్రామ్ నడిపే ఏర్పాటులో) నడిపితే అంకెలు ముందే పట్టికకు చేరిపోతాయి. నడుస్తున్న సెషన్ ఫైల్లో చివరి లైను సగమే రాసి ఉండొచ్చు. దాన్ని దాటేస్తాం, కానీ ఎన్ని దాటేశామో చివర్లో చెప్తాం. తర్వాతి రోజు కూడా ఆ సంఖ్య తగ్గకపోతే ఫైల్ ఫార్మాట్ మారిందేమో చూడాలి.

సరిచూడటం

ఎనిమిది లైన్ల నమూనా ఫైలు: పై మూడు లైన్ల కాల్, దాని ఫోర్క్ కాపీ, సింథటిక్ లైను, సగం తెగిన లైను. జవాబు కాగితం మీద ముందే కట్టి ఉంది. మార్పు చేసిన ప్రతిసారీ దీని మీద రెండుసార్లు నడపాలి. రెండోసారికి మొత్తం పెరిగితే కీ పని చేయట్లేదన్నమాట.

ఆ తర్వాత నిజమైన సెషన్ ఒకటి తీసుకుని క్లాడ్ కోడ్ సొంత కాస్ట్ కమాండ్‌తో పోల్చాలి. అక్కడ కాస్త ఎక్కువ కనిపించొచ్చు. సంభాషణకు సారాంశం రాయడం వంటి నేపథ్య కాల్స్ లాగ్‌లో పడకపోవచ్చు. రెట్టింపో మూడింతలో తేడా ఉంటే మాత్రం అది నేపథ్యం కాదు, 0.2లో చెప్పిన జబ్బే.

ఒక జాగ్రత్త. లాగ్‌లో మీ కోడ్, ఏజెంట్ చదివిన ఫైళ్లు, వాటిలో పాస్‌వర్డులుంటే అవీ యథాతథంగా ఉంటాయి. బగ్ చెప్పడానికి ఎవరికైనా ఫైలు పంపాల్సి వస్తే ఐడీలు, సమయం, మోడల్, యూసేజ్ తప్ప మిగతావన్నీ కొట్టేసి పంపాలి. దానికి విడి కమాండ్ 0.5లో వస్తుంది. ధరల పట్టికకు అమలు తేదీ కాలమ్ కూడా అప్పుడే. ఇప్పటికి ధర మారితే పాత నెలల లెక్కా మారిపోతోంది.