వేప కొమ్మ

ఇవాళ సాయంత్రం జరిగింది రాయకుండా పడుకోలేను.

రాయదుర్గంలో మెట్రో ఎక్కేటప్పటికి చినుకులే. అమీర్‌పేటలో దిగేసరికి కుండపోత. బైకుల వాళ్లంతా మెట్రో లైను కిందికి చేరారు. నేనూ అరగంట అక్కడే నిలబడి, కాస్త తెరిపిచ్చాక బల్కంపేట వైపు నడక మొదలుపెట్టాను. చెవుల్లో ఇయర్‌ఫోన్స్. అవతల అక్క, ఎల్లమ్మ కల్యాణానికి పిల్లలతో ఎప్పుడు రావాలని అడుగుతోంది.

మా సందు మలుపులో నీళ్లు పిక్కల దాకా ఉన్నాయి. మధ్యలో ఒక వేప కొమ్మ. గాలికి విరిగి పడిందనుకుని పక్కనుంచి వెళ్లబోయాను. ఎవరో నా బ్యాగు పట్టుకుని వెనక్కి లాగారు.

అరటిపండ్ల బండి ఆమె. "ఎంతసేపట్నుంచి ఒర్రుతున్న బిడ్డా! వినబడతలేదా? ఆడ మ్యాన్‌హోల్‌కి మూత లేదు!"

అప్పుడు సరిగ్గా చూశాను. విరిగి పడిన కొమ్మయితే అడ్డంగా పడి ఉండాలి. ఇది నిలువుగా ఉంది. ఆకులింకా పచ్చగానే ఉన్నాయి, కొసన ఎర్ర ప్లాస్టిక్ కవరు ముడేసి ఉంది. కొమ్మ మొదలు దగ్గర నీళ్లు సుడి తిరుగుతున్నాయి. కొట్టుకొచ్చిన టీ కప్పు ఒకటి అక్కడ గిర్రున తిరిగి లోపలికి పోయింది. నేను కాలు వేయబోయిన చోటికి మహా అయితే జానెడు దూరం.

2023 ఏప్రిల్‌లో సికింద్రాబాద్ కళాసిగూడలో పాల కోసం బయటికెళ్లిన చిన్నపాప ఇలాంటి వాన నీళ్లలోనే నాలాలో పడి చనిపోయింది. ఆ వార్త చదివి ఏడ్చాను. అలాంటిదాన్ని, ఇవాళ కళ్ల ముందున్న కొమ్మని చూసి కూడా చూడలేదు.

అక్కకి మళ్లీ చేస్తానని చెప్పి ఇయర్‌ఫోన్స్ తీసేశాను. గుడగుడమని నీళ్లు లోపలికి పోతున్న చప్పుడు అప్పుడు వినిపించింది. చాలా గట్టిగానే ఉంది. అవతలి గట్టు మీద ఆటో అతను కూడా "అటు పోకుండ్రి" అని చేతులూపుతున్నాడు. పక్కన ట్రాన్స్‌ఫార్మర్ చిటపటమంటోంది. ఇంతమంది చెబుతుంటే నాకొక్కదానికే వినపడలేదు.

మా నాన్న లైన్‌మన్‌గా చేశారు. వానాకాలం వస్తే మాకు ఒకటే పాఠం: తడిలో స్తంభాన్ని ముట్టుకోవద్దు, స్తంభాన్ని నేలకి లాగి కట్టే స్టే వైరు అసలే పట్టుకోవద్దు. నీళ్లలో కాళ్లకి జిల్లుమంటే పెద్ద అడుగులేసి పరుగెత్తకూడదు. తడి నేలలో కరెంటు పారుతుంటే రెండు పాదాల మధ్య దూరం పెరిగేకొద్దీ షాక్ పెరుగుతుంది. పాదాలు దగ్గరగా పెట్టి, నేలకి ఈడుస్తూ వచ్చిన దారినే వెనక్కి రావాలి. అవన్నీ గుర్తున్నాయి. కానీ అక్కడ ట్రాన్స్‌ఫార్మర్ ఉందని గమనిస్తేనే కదా అవి పనికొచ్చేది.

ఆ ఆటో అతను చెప్పిన వైపు నుంచి, గోడ పక్కగా, ముందు వెళ్లినవాళ్లు అడుగేసిన చోటే అడుగేస్తూ ఇల్లు చేరాను. చేతులు వణుకుతూనే ఉన్నాయి. ఫొటో తీయాలన్న ఆలోచన కూడా రాలేదు. ఫిర్యాదు నంబరుకి ఫోన్ చేసి మలుపు గుర్తులన్నీ చెప్పాను. అపార్ట్‌మెంట్ గ్రూపులోనూ పెట్టాను.

తొమ్మిదింటికి వాచ్‌మన్ వచ్చి చెప్పాడు, కొమ్మ కొంచెం ఒరిగిందట. విరిగిన ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తీసుకెళ్లి దానికి కట్టి వచ్చాడు. పొద్దున పిల్లల స్కూల్ బస్సు ఆగేది ఆ మలుపులోనే.

మళ్లీ వాన మొదలైంది.