ముసురు పట్టినప్పుడే పెన్నకు పోవాలి

మా కడపలో చేపల మాటెత్తితే అందరూ ఎండాకాలం గురించే చెప్తారు. చెరువు అడుగంటి, మడుగులో నీళ్ళు మోకాటి లోతుకు దిగితే ఊరంతా దిగి బుట్టలతో, ఒట్టి చేతులతో పట్టుకునే చేపలు. అది సరదానే, కాదనను. కానీ గాలం వేసేవాడికి అసలు సీజను అది కాదు. టీవీలో బంగాళాఖాతంలో అల్పపీడనం అని చెప్పి, రెండు మూడు రోజులు సూర్యుడు కనపడకుండా సన్నగా ముసురు పట్టి, పెన్నలో నీళ్ళు మెల్లగా పైకి లేస్తుంటాయి చూడండి, కార్తీకం వెళ్ళి మార్గశిరం వచ్చే రోజులు, అప్పుడు. చలి నిజమే, బురద నిజమే, వేళ్ళు కొంకర్లు పోవడం కూడా నిజమే. అయినా పెద్ద చేప ఒడ్డుకొచ్చేది ఆ రోజుల్లోనే.

పెన్న సంగతి తెలియనివాళ్ళకు ఒక మాట. కర్ణాటకలో నంది కొండల దగ్గర పుట్టి 597 కిలోమీటర్లు నడిచి నెల్లూరు జిల్లాలో సముద్రంలో కలిసే ఈ నది, మా దగ్గర ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే. పైన గండికోట, మైలవరం జలాశయాలు నీళ్ళు పట్టుకుంటాయి. వాటి గేట్లు ఎత్తినప్పుడో, పెన్నలో కలిసే కుందూ, పాపాఘ్ని ఏర్లు పారినప్పుడో తప్ప కమలాపురం నుంచి చెన్నూరు దాకా నిండుగా పారే పెన్నను చూడటం తక్కువ. అందుకే నీళ్ళు కదిలినాయని తెలిస్తే నాకు ఇంట్లో కాలు నిలవదు.

చేప ఒడ్డుకెందుకొస్తుందంటే, నడి ఏట్లో వడి పెరిగిన కొద్దీ అక్కడ నిలబడటానికే దాని బలమంతా అయిపోతుంది. పైగా చలి. చేప రక్తం మనలాగా వెచ్చగా ఉండేది కాదు, నీళ్ళు ఎంత చల్లబడితే దాని ఒళ్ళూ అంతే చల్లబడుతుంది, కదలిక తగ్గుతుంది, ఆకలీ తగ్గుతుంది, కాబట్టి ఊరికే ఈదే పని పెట్టుకోదు. నీళ్ళు మందంగా తిరిగే చోటు వెతుక్కుంటుంది. అదే సమయంలో ఏరు గట్టు మీదికి ఎక్కుతూ గడ్డిని ముంచుతుంది. ఆ గడ్డిలో నుంచి ఎర్రలు, అంటే వానపాములు, చీమలు, కీచురాళ్ళు, నానా రకాల పురుగులు నీళ్ళలో పడతాయి. వడి లేని చోటు, కాళ్ళ దగ్గరికొచ్చిన తిండి, రెండూ ఒడ్డునే ఉంటే అది నడి ఏట్లో ఏం చేస్తుంది? మనవాళ్ళేమో రీల్ రాడ్డు చేతికొచ్చింది కదా అని ఎంత దూరం విసిరితే అంత గొప్ప అనుకుంటారు. ముసురు రోజుల్లో నేను వేసేది ఒడ్డు నుంచి నాలుగైదు బారల లోపే. మునిగిన తుమ్మ కంప పక్కన, బండ వెనకాల, ఏరు వంపు తిరిగే చోట లోపలి వైపు, వంక వచ్చి కలిసే నోటి దగ్గర.

ఇంకో సంగతి, ఇది నాకు ముఖ్యం. తొలకరి వరద నీళ్ళకు ఎదురెక్కే చేపలు జనతో, అంటే గుడ్లతో ఉంటాయి. వాటిని పట్టుకుంటే రేపటి ఏటిని ఈరోజే తిన్నట్టు. జూలై, ఆగస్టుల్లో కాలువల్లో, చప్టాల దగ్గర వలలు అడ్డం కట్టి కడుపుతో ఉన్న వాలుగలను బస్తాలకెత్తడం చూస్తే నాకు కడుపు రగిలిపోతుంది. నవంబరు, డిసెంబరుకు ఆ పని అయిపోయి ఉంటుంది. చేప వానాకాలమంతా తిని బలిసి ఉంటుంది, జన ఉండదు. అప్పుడు ఒకటో రెండో తెచ్చుకుంటే మనసులో ముల్లు ఉండదు.

ఏ చేప పడుతుందంటే, ఆశంతా మీసాల చేపల మీదే పెట్టుకోండి. బొచ్చె, రోహు చలికి మందగిస్తాయి. వేరుశనగ చెక్క, తవుడు కలిపిన ముద్ద ఎండాకాలంలో వాటికి ప్రాణం, ముసురులో మాత్రం గంటలు గంటలు కూర్చున్నా నీళ్ళ మీద తేలే బెండు కదలదు. జెల్ల అట్లా కాదు. నీళ్ళు బురదగా ఉన్నా దానికి కళ్ళతో పనిలేదు, మీసాలతో తడుముకుంటూ వాసన పట్టుకుని వస్తుంది. వాలుగ కూడా అంతే, చీకటి పడే వేళకు ఒడ్డు కిందికి జరుగుతుంది, పక్కెల్లాంటి చిన్న చేపలను తరుముతూ. కాబట్టి ఎర కూడా వాసన ఉన్నదే కావాలి. పేడదిబ్బ కింద తవ్విన ఎర్రలు మొదటి మాట. కోడి పేగులు రెండో మాట, చికెన్ అంగట్లో అడిగితే కవర్లో కట్టి ఊరికే ఇస్తారు. ఎర్రను గాలానికి నిండుగా, తోక మాత్రం కొంచెం వేలాడేటట్టు ఎక్కించాలి, చలికి వేళ్ళు మొద్దుబారి ఉంటే ఈ చిన్న పనే పెద్ద పనవుతుంది. నేను జేబులో ఒక పొడి గుడ్డ పెట్టుకుని, ఎక్కించే ముందు వేళ్ళు తుడుచుకుని, చంకలో ఒక నిమిషం పెట్టుకుంటాను. ఆ తర్వాత ఎక్కిస్తే గాలం వేలికి దిగదు.

బెండును ఇంట్లో పెట్టేసి పోండి. వడికి అది కొట్టుకుపోతుంది, అలకు మునిగినా చేప లాగినట్టే కనపడుతుంది. అడుగున ఆనే బరువు కావాలి. గుండ్రటి సీసం గుండు ఇసుక మీద దొర్లుతుంది, బిళ్ళగా కొట్టిన సీసం అయితే పడ్డ చోటే ఉంటుంది. తంగూసును, అంటే గాలం దారాన్ని, ఆ సీసం రంధ్రంలో నుంచి జారేటట్టు పెట్టి, గాలానికి జానెడు పైన ముడేయాలి. అట్లా అయితే చేప లాగినప్పుడు బరువు తగలక అనుమానం లేకుండా మింగుతుంది. కర్ర కొసకు ఒక గజ్జె కట్టుకుంటాను. వానలో కర్ర కొస సరిగ్గా కనపడదు, గజ్జె మాత్రం వినపడుతుంది. దానికంటే నమ్మకం వేలు. తంగూసును చూపుడు వేలి మీద ఆనించుకుని కూర్చుంటే, ఏరు లాగే లాగుడు ఒకే తీరుగా బరువుగా ఉంటుంది. అందులో జెల్ల వచ్చి టక్, టక్ అని రెండు సార్లు పొడుస్తుంది. అప్పుడే గుంజకూడదు. కాసేపు ఏమీ ఉండదు, పోయిందేమో అనిపిస్తుంది. ఆ తర్వాత తంగూసు పక్కకు, వడికి అడ్డంగా, మెల్లగా జరుగుతుంది. ఏటి లాగుడు ఎప్పుడూ కింది వైపుకే, అడ్డంగా లాగేది చేప ఒక్కటే. కొట్టాల్సింది అప్పుడు.

రోజు ఎంచుకోవడంలో నా లెక్క వేరు. ఏరొచ్చిందంట అని చెన్నూరు బ్రిడ్జి మీద జనం గుంపుగా నిలబడి ఫోన్లలో వీడియోలు తీసే రోజు గాలానికి పనికిరాదు. చెత్త, కంప, మొదళ్ళు, నురగ అన్నీ కొట్టుకొస్తుంటాయి, వేసిన తంగూసుకు గడ్డి చుట్టుకుని తెగిపోతుంది. మంచి సమయం దానికి ముందొకటి, తర్వాతొకటి. ముందుది, నీళ్ళు ఇప్పుడిప్పుడే లేస్తూ రంగు తిరుగుతున్నప్పుడు, చేప కంగారుగా ఒడ్డుకు జరుగుతూ దొరికింది దొరికినట్టు తింటుంది. తర్వాతది, ఏరు నిలబడి వేలెడు వేలెడు దిగడం మొదలైనప్పుడు. ఈ రెండోదే నాకు ఇష్టం, భయం తక్కువ.

రంగు కూడా చదవాలి. పుష్పగిరి దగ్గర నిలబడితే పెన్నలో ఎవరి నీళ్ళొచ్చినాయో చాలా వరకు చెప్పొచ్చు. కుందూ కోవెలకుంట్ల వైపు నల్లరేగడి పొలాల మీదుగా వస్తుంది, దాని వరద నల్లగా, చిక్కగా ఉంటుంది. పాపాఘ్ని రాయచోటి వైపు నుంచి, గండి మీదుగా, వేంపల్లె దాటి వస్తుంది, ఎర్రమన్ను రంగు. రెండూ కమలాపురం చుట్టుపక్కలే పెన్నలో కలుస్తాయి. నల్లనీళ్ళు వస్తే నేను కాస్త నిదానంగానే ఉంటాను, కుందూ దూరం నుంచి నడిచొచ్చే ఏరు, మెల్లగా పెరిగి మెల్లగా తగ్గుతుంది. ఎర్రనీళ్ళు కనపడితే సామాను సంచిలో సర్దుకుంటూనే గాలం వేస్తాను. కొండల మీద వాన, పైన గేట్లు, ఎప్పుడు ఎంత వస్తుందో చెప్పలేం.

కూర్చున్న వెంటనే నేను చేసే మొదటి పని నీటి అంచున ఒక పుల్ల గుచ్చడం. దానికి పైన, జానెడు ఎత్తులో, ఇంకోటి. మొదటి పుల్ల మునిగితే సరే, చేప వస్తుంది. రెండోది తడిస్తే లేవాలి, గజ్జె మోగుతున్నా సరే. ఒకసారి ఆదినిమ్మాయపల్లె ఆనకట్టకు కింద, గోనెసంచి ముసుగేసుకుని బర్రెలు తోలుకొస్తున్న ఒక తాత నా వెనక ఆగి, "ఏం నాయనా, ఆ పుల్ల ఇందాక నేను పొయ్యేటప్పుడు బయటుండె గదా, సూసుకుంటాండావా?" అన్నాడు. "చూస్తాండా తాతా, రెండోది తడిస్తే లేస్తా" అన్నాను. "ఆ... అట్లయితే కూసో" అని, ఆయన కూడా కాసేపు బర్రెలను వదిలి నా పక్కనే నిలబడి నీళ్ళ వైపే చూశాడు. చేపల గురించి ఒక్క మాట అడగలేదు. ఏటి ఒడ్డున పుట్టి పెరిగినవాళ్ళ చూపు అట్లా ఉంటుంది.

ఏట్లోకి మాత్రం దిగొద్దు. మోకాళ్ళ వరకే కదా అని కూడా దిగొద్దు. పెన్నలో ఇసుక తవ్విన గుంతలు ఎక్కడ పడితే అక్కడ ఉన్నాయి, ఎండాకాలంలో వాటి పక్కనే నడిచి ఉంటాం, బురదనీళ్ళు కప్పినాక ఒక్క గుంతా కనపడదు. చీలమండ లోతులో నడుస్తున్న మనిషి తర్వాతి అడుగులో నిలువు లోతుకు పోతాడు, చుట్టూ ఇసుక జారుతుంటే పైకి రావడానికి పట్టు దొరకదు. విసురు వల భుజాన వేసుకుని ఈత వచ్చు అన్నా అనే పిల్లోళ్ళను చూస్తే నాకు చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాలనిపిస్తుంది, లాగాను కూడా. తడిసిన వల కాళ్ళకు చుట్టుకుంటే ఈత ఏం చేస్తుంది?

2021 నవంబర్ 19 తెల్లవారుజామున చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, కింద పులపత్తూరు, మందపల్లె లాంటి ఊళ్ళు మునిగి ఎంతోమంది ప్రాణాలు పోయినాయి. అది కార్తీక పౌర్ణమి రోజు. అదే వరదల్లో కమలాపురం దగ్గర పాపాఘ్ని మీద వంతెన కూడా కూలింది. ఆ ప్రాణాలు పోయినవాళ్ళు చేపలకని ఏట్లో దిగినవాళ్ళు కాదు, చాలామంది ఊళ్ళో ఉన్నవాళ్ళే. ఆ తర్వాత నుంచి పైన ఏ ప్రాజెక్టు ఎంత నిండింది, గేట్లు ఎత్తారా లేదా అని తెలుసుకోకుండా నేను గాలం సంచి ముట్టుకోను. పైన తెలిసినవాళ్ళు ఒకరికి ఫోన్ చేసి వాన ఎట్లుందో అడుగుతాను. చీకటి పడినాక ఒక్కణ్ణే ఉండను. వాలుగ వచ్చే వేళ అదేనని తెలుసు, అయినా ఉండను.

చేపను పైకి తీసేటప్పుడు ఒక జాగ్రత్త. జెల్లకు వీపు మీద ఒక ముల్లు, రెండు రెక్కల దగ్గర రెండు ముళ్ళు ఉంటాయి, పైకి రాగానే మూడూ బిగబట్టి నిలబెడుతుంది. తడి చేతుల్తో పట్టుకుంటే జారి సరిగ్గా అరచేతిలోనే గుచ్చుకుంటుంది. గుడ్డ వేసి, తల వెనక నుంచి, పక్క ముళ్ళ కింద రెండు వేళ్ళు పెట్టి పట్టుకోవాలి. ఇంగిలాయి అనే మీసాల చేప అయితే ఇంకా మోసం, చిన్నదే కానీ దాని ముల్లు విషం చెయ్యంతా సలుపుతుంది. గుచ్చుకుంటే పసుపు, సున్నం అంటూ వెతుక్కోకుండా, ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో చెయ్యి పెట్టండి, ఆ విషం వేడికి విరిగిపోతుంది, సలుపు తగ్గుతుంది. నేను ఫ్లాస్కులో టీతో పాటు ఇంకో ఫ్లాస్కు వేడినీళ్ళు తీసుకుపోయేది అందుకే. వాపు పైకి పాకితే మాత్రం ఆసుపత్రికి పోవాల్సిందే.

కార్తీకమాసంలో మా ఇంట్లో చేప గడప దాటదు, అమ్మ ఒప్పుకోదు. ఆ రోజుల్లో పడినవి పక్కింటి భాయ్ వాళ్ళకు ఇచ్చేస్తాను, వాళ్ళింట్లో జెల్లల పులుసు చింతపండు కాస్త ఎక్కువ వేసి, మెంతిపొడి చల్లి చేస్తారు. నెల వెళ్ళినాక పడితే ఇంట్లోనే, రాగిసంగటిలోకి. జెల్లకు పొలుసు ఉండదు, జిగురు ఉంటుంది, కట్టెల బూడిద, రాళ్ళుప్పు వేసి బండ మీద రుద్దితే పోతుంది. అది పోకుండా కూర చేస్తే నీచు వాసన వదలదు.

ఈసారి అల్పపీడనం పడితే పుష్పగిరికి పోను. కుందూ పెన్నలో కలిసే చోటుకు కాస్త ఎగువన, కుందూ గట్టునే కూర్చుని చూడాలని ఉంది. పెన్న నిండుగా ఉంటే కుందూ నీళ్ళు ముందుకు పోలేక వెనక్కి ఎగదన్నుతాయి, అక్కడ వడి ఉండదు, లోతు ఉంటుంది, రేగడి గట్లకు గడ్డి దట్టంగా ఉంటుంది. వాలుగ ఆ మూలల్లోనే ఉండాలి. రేగడి బురదలో కాలు దిగబడుతుంది కాబట్టి గట్టు మీద వేసుకోవడానికి ఒక చెక్క పలక తయారు చేసి పెట్టుకున్నాను, పుల్లలు అక్కడే కోసుకుంటాను.