తాళం వేయని మేడ

విశాఖలో మూడు రోజులున్నాను. అందులో రెండు రోజులు తాళం కప్పల ముందు నిలబడటంతోనే సరిపోయింది.

నాకు మేడలెక్కే పిచ్చి ఉంది. కొత్త ఊరు వెళితే గుళ్ళూ మ్యూజియాలూ తర్వాతి సంగతి. ముందు ఏదో ఒక మేడ ఎక్కి, పిట్టగోడ దగ్గర నిలబడి ఆ ఊరి నడినెత్తి చూడాలి. దండేల మీద ఏం ఆరేశారు, ఎన్ని ఇళ్ళలో తులసికోట పైకెక్కింది, ఇంకో అంతస్తు వేస్తామనే ఆశతో ఎందరు ఇనుప చువ్వల్ని అలా ఆకాశంలోకి వదిలేశారు, ఇవి చూస్తే సగం ఊరు తెలిసిపోతుంది. వీధి వైపు గోడకు అందరూ రంగులు వేయిస్తారు. మేడకు ఎవరు వేయిస్తారు?

తెనాలిలో చిన్నప్పుడే అంటుకున్న జబ్బు ఇది. వేసవి సాయంత్రాలు డాబా మీద బకెట్లతో నీళ్ళు చల్లేవాళ్ళం. ఆ ఆవిరి చల్లారాక చాపలు పరిచేవాళ్ళం. మా డాబా నుంచి పక్క డాబాకు, అక్కడి నుంచి ఆ పక్కదానికి దాటుకుంటూ వీధి చివరిదాకా నేల మీద కాలు పెట్టకుండా వెళ్ళి, ఎవరింటి ఆవకాయ జాడీ ఎండలో పెట్టారో కనిపెట్టి వచ్చేవాళ్ళం. చదునైన ఊరు. రెండంతస్తులు ఎక్కితే చాలు, అందరికంటే మనమే పైన.

విశాఖలో ఇంజనీరింగ్ చదువుతున్న మా మేనల్లుడి లెక్కలో ఇదంతా సాహసమే కాదు. 2014లో ఇద్దరు కుర్రాళ్ళు షాంఘైలో కడుతున్న 632 మీటర్ల టవరు మీదికి దొంగచాటుగా చేరి, క్రేను కొసదాకా పాకిన వీడియో స్టేషన్ బయటే నాకు చూపించాడు. బెజవాడలో పొద్దున్నే రత్నాచల్ ఎక్కి కూర్చుని కూర్చుని నడుం పట్టేసిన నాకు ఆ వీడియో చూస్తేనే అరికాళ్ళలో చెమట పట్టింది. "నాకు మెట్లు కావాలిరా, క్రేను కాదు" అన్నాను. అడగకుండా ఎక్కకపోవడం, పిట్టగోడకు ఒరగకపోవడం, ఇవి నా నియమాలు. వాడికి అవి ముసలి లక్షణాలు.

బీచ్ రోడ్డుకు ఆటోవాడు 250 అడిగాడు. సముద్రం కూడా మీటరు మీదే చూపిస్తాడేమో అనిపించింది. అక్కడ ఒక హోటల్ పైఅంతస్తు రెస్టారెంటుకు మావాడు తీసుకెళ్ళాడు. టీ 160 రూపాయలు. కప్పు చిన్నది, పాట పెద్దది. ముందు అద్దం గోడ, దాని వెనక సముద్రం, ఆ అద్దం మీద మా ముఖాలే. ఊరి వైపు చూద్దామంటే అటంతా ప్లాస్టిక్ పచ్చగడ్డి అతికించిన తడిక కట్టేశారు. లోపలి ఊరిని చూడటానికి డబ్బులిచ్చే వెర్రివాడు ఉంటాడని వాళ్ళు ఊహించలేదు.

మర్నాడు అపార్టుమెంట్ల మీద పడ్డాం. మొదటిది పద్నాలుగు అంతస్తులు. వాచ్‌మన్ కుర్చీలోంచి లేవకుండానే అడిగాడు.

"ఎవరింటికండీ?"

"ఎవరింటికీ కాదు. మేడ మీదికి."

"ఏం పని?"

"ఊరు చూడాలి."

"ఊరు కింద ఉంది కదండీ."

దీనికి జవాబు నాకు ఇప్పటికీ తట్టలేదు. మేడ తలుపు తాళం చెవి అసోసియేషన్ సెక్రటరీ దగ్గర ఉంటుందట, ఆయన ఊళ్ళో లేడట. రెండో అపార్టుమెంటులోనూ చెవి సెక్రటరీ దగ్గరే, ఆయనా ఊళ్ళో లేడు. మూడోచోటా ఇదే కథ. విశాఖ సెక్రటరీలందరూ కూడబలుక్కుని ఏ ఊరు వెళ్ళారో గానీ, పాపం వాచ్‌మన్లను తప్పు పట్టలేను. "ఏమైనా జరిగితే ముందు నన్నే పట్టుకుంటారు బాబూ" అని మూడో ఆయన చెప్పిన మాట నిజమే. డ్రోను అద్దెకు తీసుకుందామని మావాడు ఇంకో ఉపాయం చెప్పాడు. తూర్పు నౌకాదళం కొలువున్న ఊళ్ళో డ్రోను ఎగరేస్తే మేడ మాట దేవుడెరుగు, సొంత ఇల్లు చూడటానికే చాలా రోజులు పడుతుందని చెప్పి కూర్చోబెట్టాను. సాయంత్రం అందరిలాగే క్యూలో నిలబడి కురుసుర జలాంతర్గామి చూశాం. మేడలెక్కాలని వచ్చినవాడికి చివరికి దొరికింది నీళ్ళ కింద తిరిగే పడవ!

మూడో రోజు మధ్యాహ్నం నాకు రైలు. పొద్దున్నే ఊరికే వన్ టౌన్ వైపు వెళ్ళాం. పోర్టుకు ఎదురుగా మూడు కొండలు వరసగా ఉంటాయి కదా, ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి. ఆ కొండ మొదట్లో ఒక సందులో బయటి గోడకు ఆనించి కట్టిన మెట్ల దగ్గర ఒక పెద్దావిడ నెత్తళ్ళ చేపలు నింపిన పళ్ళెం పక్కన పెట్టుకుని ఆయాసపడుతోంది. మావాడు పళ్ళెం అందుకున్నాడు. ఆవిడ వాడి వెనక, ఆవిడ వెనక నేను. పైన తలుపే లేదు, తాళం ఎక్కడ వేస్తారు?

రెండంతస్తుల మేడ. తెనాలి కొలత. ఆవిడ గోనెపట్టా పరిచి నెత్తళ్ళు పోసి, అరచేత్తో ఒక్కసారి అటూ ఇటూ నిమిరింది. వేలెడంత చేపలు, ఒకదాని మీద ఒకటి పడకుండా, తలలన్నీ దాదాపు ఒకే వైపు. ఒకటి రెండు మొండికేస్తే గోటితో తిప్పింది. ఎన్నేళ్ళ చేతివాటమో.

"ఈ పక్కకు నిలబడండి బాబూ, ఆ గది కింద వద్దు" అంది. మేడ మూలన ఒక శ్లాబు గది ఉంది. ఆవిడ కొడుకు ఇరవై ఏళ్ళ కిందట వేయించాడట. దాని కప్పు పెచ్చులూడి కడ్డీలు బయటపడి ఉన్నాయి. వేలితో తాకితే తుప్పు రేకులు రేకులుగా వచ్చింది. సముద్రపు ఉప్పుగాలి కాంక్రీటులోకి చొరబడి కడ్డీని తుప్పు పట్టిస్తుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బి కాంక్రీటును నెట్టేస్తుంది. మేం నిలబడ్డది మాత్రం ఆవిడ మామగారి నాటి మద్రాసు మిద్దె. టేకు దూలాల మీద ఇటుకలు అంచు మీద నిలబెట్టి, పైన ఇటుక ముక్కలూ సున్నం పోసి, కరక్కాయ బెల్లం నానబెట్టిన నీళ్ళు చల్లుతూ ఆడకూలీలు వరసగా కూర్చుని రోజుల తరబడి చెక్క బద్దలతో కొట్టేవాళ్ళట. ఇనుము లేదు కాబట్టి ఉప్పుగాలికి తినడానికేమీ లేదు. "పాతది కారదు, కొత్తది కారుతుంది" అంది ఆవిడ, కోడళ్ళ గురించి చెప్పినట్టు.

హుద్‌హుద్ తుపాను సంగతి నేనే అడిగాను. 2014 అక్టోబరు 12, ఆదివారం. గంటకు 180 కిలోమీటర్ల గాలి. పొద్దుటి నుంచి ఒక వైపు నుంచి కొట్టి కొట్టి, మధ్యాహ్నం ఉన్నట్టుండి ఆగిపోయిందట. తుపాను కన్ను ఊరి మీదికి వచ్చిన వేళ అది. అయిపోయిందనుకుని ఆవిడ కొడుకు మేడ ఎక్కాడు. నీళ్ళ ట్యాంకు ఉందో లేదో చూద్దామని. ట్యాంకు ఉంది. వాడు దిగేలోపు గాలి ఎదురు దిక్కు నుంచి మొదలైంది. "వాడు మెట్ల మీద పడుకుని గోడ పట్టుకున్నాడు. ట్యాంకు మాత్రం వాడి మీదుగానే వెళ్ళిపోయింది బాబూ. ఎవరింట్లో పడిందో ఈనాటికీ తెలియదు."

నాకు షాంఘై వీడియో గుర్తొచ్చి మావాడి వైపు చూశాను. ఫోను జేబులో పెట్టుకుని వింటున్నాడు.

అంతలో ఓడ కూత. ఇళ్ళ సందులోంచి ఒక తెల్లటి అయిదంతస్తుల భవనం కదలడం మొదలుపెట్టింది. నిజంగానే నా కాళ్ళ కింద మిద్దె జరిగిందేమో అనుకున్నాను. హార్బరు ముఖద్వారంలోంచి ఓడ వెళుతోంది. పొట్ట కనపడదు, నీళ్ళు కనపడవు. దండేల మీది చీరల వెనక నుంచి, అవతల డాల్ఫిన్ నోస్ కొండ ముందు నుంచి, ఎవరికీ పట్టనట్టు దాని మేడ మాత్రం నడుచుకుంటూ పోతోంది. పక్క డాబా మీద బట్టలు పిండుతున్న అమ్మాయి తల కూడా తిప్పలేదు. 1933లో ఈ రేవు తెరిచినప్పటి నుంచి ఈ వీధివాళ్ళు చూస్తున్న తంతే కదా. మా ఊళ్ళో గేదెల మంద పోతే చూసినంత కూడా చూడరు.

నేను నోరు తెరుచుకుని అటే చూస్తుండగా నెత్తి మీద నుంచి కేక వినిపించింది.

"మామ్మగారూ! కాకులు!"

గోనెపట్టా మీద నాలుగు కాకులు నింపాదిగా భోంచేస్తున్నాయి. మామ్మగారు చీపురు విసిరింది, మావాడు చెప్పు విసిరాడు. ఆ చెప్పు వీధిలో పడింది. తలెత్తి చూశాను. మా వెనక కొండవాలు మీద ఇంకో ఇల్లు, ఆ ఇంటి మేడ మీద చేతిలో చేటతో ఒకావిడ. ఆవిడ వెనక ఇంకో వరస ఇళ్ళు, ఆ పైన ఇంకో వరస. ఒకరి డాబా మరొకరి వాకిలి ఎత్తున ఉంది. పదినిమిషాలుగా ఊరంతా నేను చూస్తున్నాననుకుంటే, నా బట్టతలను ఎందరు చూశారో.

"మీరు కొత్తగా వచ్చారా?" అని అడిగింది పైనావిడ.

"మేడలు చూడటానికి వచ్చారట" అని మామ్మగారే చెప్పింది. "వాళ్ళ ఊళ్ళో లేవేమో."

"అయితే ఇటు రండి, ఇక్కడి నుంచి ఇంకా బాగా కనపడుతుంది."

రైలుకు గంటన్నర ఉంది. మావాడు కిందికి పరిగెత్తి చెప్పు తెచ్చుకున్నాడు. ఇరుకు మెట్లు, పక్కనే మురుగు కాలువ, ప్రతి మలుపులో ఒక కుళాయి. లెక్కపెడదామనుకుని నలభై దగ్గర ఆయాసంతో వదిలేశాను. ఆవిడ మేడకూ తాళం లేదు. ఓడ అప్పటికే సముద్రంలో అగ్గిపెట్టెంత అయింది. ఊపిరి తీసుకుంటూ కిందికి చూశాను. మామ్మగారి మిద్దె అరచేతిలో పట్టేంతగా కనిపించింది. ఆవిడ ఇటు వీపు తిప్పి ట్యాంకు మూత సర్దుతోంది. గోడ మీద మళ్ళీ రెండు నల్లగా వాలాయి.

"మామ్మగారూ! కాకులు!" అని అరిచాను.